ఆ మాట మా అమ్మది కాదు

ఆమె చనిపోయిన సంగతి నాకు పరీక్ష హాల్లో తెలిసింది. డిగ్రీ రెండో ఏడాది పిల్లలు రాస్తున్నారు. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ ముట్టకూడదు గానీ, బల్ల మీద పెట్టిన ఫోన్ వెలిగితే కన్ను అటు పోకుండా ఉండదు. మా పాత హాస్టల్ వాట్సాప్ గ్రూపు. నలభై రెండో నంబర్ గదిలో ఉండే అక్క పోయిందట, మలేరియా మెదడుకెక్కిందట, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట అని ఎవరో రాశారు. కింద ముగ్గురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాలుగో అమ్మాయి ‘ఎవరు?’ అని అడిగింది. దానికి జవాబుగా ఇంకొకరు ఆమె పేరు రాశారు. అదీ తప్పుగా రాశారు.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. తప్పుగా రాసినా ఒప్పుగా రాసినా అది ఆమె పేరు కాదు. ఆశ్రమ పాఠశాలలో చేర్చుకున్న రోజున అక్కడి సారు, ఉన్న పేరు నోరు తిరగడం లేదని, అప్పటికప్పుడు ఒక దేవత పేరు తగిలించాడు. ఇంటిపేరు ఊళ్లో ఇంకెవరిదో రాశాడు. పదో తరగతి మెమో నుంచి పీహెచ్‌డీ అడ్మిషన్ దాకా ఆమె ఆ పేరు మీదే నడిచింది. వాళ్లమ్మ పెట్టిన పేరు ఒకసారి నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. అయినా ఆమె లేనప్పుడు, ఆమెను అడగకుండా, దాన్ని అచ్చులో పెట్టే హక్కు నాకు లేదనిపిస్తుంది. నేను ఆమెను ‘అక్కా’ అని పిలిచేదాన్ని. ఇక్కడా అంతే.

అక్కకు మనిషి పక్కన నడవడం రాదు. మా క్యాంపస్ నుంచి తార్నాకకు వచ్చే రోడ్డు రెండు బస్సులు పక్కపక్కన పోయేంత వెడల్పు. అంత రోడ్డు మీద కూడా ఆమె ముందు నడిచేది, నేను వెనక నడవాలి. మాట్లాడేది కూడా వెనక్కి తిరగకుండానే. నాకు సగం వినపడేది కాదు. ఏందక్కా, మల్లొకసారి చెప్పు అంటే గొంతు కొంచెం పెంచేది తప్ప తల తిప్పేది కాదు. మొదట్లో నేను పరుగెత్తి ఆమె పక్కకు చేరేదాన్ని. రెండడుగులు వేసేసరికి మళ్లీ ముందుకు పోయేది. ఎందుకిట్లా అని అడిగితే, మా దారుల్లో ఇద్దరు పట్టరు, అలవాటైపోయింది అన్నది. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ముఖం కన్నా ముందు ఆమె వీపు గుర్తొస్తుంది. నూనె పెట్టి బిగించి అల్లిన జడ, అరిగిన మడమల చెప్పులు, భుజానికి ఎప్పుడూ ఒక సంచి.

మా గదిలో ఇద్దరికీ చెరో అలమర ఉండేది. నాది తలుపు తెరిస్తే బట్టలు మీద పడేవి. ఆమెది నాలుగేళ్లూ ఖాళీ. ఉన్నదంతా ఒక నీలం రంగు జిప్పు సంచిలోనే. చీర తీసేది, కట్టుకునేది, విప్పింది మడిచి అందులోనే పెట్టేది, జిప్పు లాగేది. సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో చుట్టి దిండు గలీబులో దాచేది. ఆమెకు శుభ్రం ఎక్కువని నేననుకున్నాను. జనగామ వైపు మా ఊళ్లో, మా తాత పోయి పదేళ్లయినా ఆయన చొక్కాలు ఇంకా అటక మీద ఉన్నాయి. సంచి సర్దుకుని పడుకోవడం అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమె తెలుగు విని హాస్టల్ పిల్లలు నవ్వేవాళ్లు. మేమంతా ‘ఏంజేస్తున్నవ్, ఎటు పోతున్నవ్’ అనుకుంటుంటే ఆమె ‘ఏం చేస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు’ అని ఒక్కో అక్షరం పూర్తిగా పలికేది. అక్క వార్తలు చదువుతున్నది అని ఏడిపించేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. మీరు తెలుగును ఇంట్లో నుంచి తెచ్చుకున్నారు, నేను వాచకంలో నుంచి తెచ్చుకున్నాను, అందుకే నాది కొత్తగా ఉన్నది అనేది. ఇంట్లో వాళ్లది కోయ భాష. అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ మనిషే వేరు. గొంతు దిగేది, మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి, చేతులు కదిలేవి. తెలుగు మాట్లాడేటప్పుడు ఆ చేతులు కట్టేసినట్టు ఒళ్లోనే ఉండేవి.

ఆమె పరిశోధన సరిహద్దు అడవుల్లోని ఆదివాసుల మీద వచ్చిన కథలు, నవలల గురించి. డిపార్ట్‌మెంట్‌లో ప్రతి శనివారం ఎవరో ఒకరు తాము రాసింది చదివేవారు. ఒకసారి ఒక సీనియర్ కథ చదివాడు. విలేకరి ఒకడు అడవిలోకి పోతాడు. అక్కడొక ముసలి అవ్వ చెట్టు గురించి, పుట్టుక గురించి, చావు గురించి నిండుగా రెండు పేజీలు మాట్లాడుతుంది. చదవడం అయ్యాక అక్క చెయ్యెత్తింది.

“తర్జుమా ఎవరు చేశారు?” అని అడిగింది.

అతనికి అర్థం కాలేదు. ఇది సొంత కథే, తర్జుమా కాదన్నాడు.

“అవ్వకు తెలుగు రాదని మీరే రాశారు. విలేకరికి కోయ రాదు. మధ్యలో ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి ఎవరు? ఏమేం చెప్పకుండా వదిలేశారు?”

ఎవరో నవ్వారు. అతను ముఖం మాడ్చుకున్నాడు. ఆ తరవాత అది ఆమె ఊతపదమైపోయింది. ఏ కథ చదివినా, ఏ సినిమా గురించి మాట్లాడుకున్నా ఆ ప్రశ్నే. డిపార్ట్‌మెంట్‌లో ఆమెకు ‘తర్జుమా అక్క’ అని పేరు పెట్టారు. ఆమె గైడు కరీంనగర్ వైపు మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్దాయన. ఆయనకు మాత్రం ఈ ప్రశ్న ఎంతో నచ్చింది. ఇదే నీ థీసిస్ అమ్మా, గీ మనిషినే దేవులాడు, ప్రతి నవలల ఆ మనిషి యాడ మాయమైండో చూడు అన్నాడు. ఆమె అదే చేసింది. లైబ్రరీలో కూర్చుని ఒక్కో నవలలో ఆదివాసి మాట్లాడిన ప్రతి చోటా, ఆ మాట పక్కవాళ్లకు ఎట్లా చేరిందో వెతికి నోట్సు రాసుకునేది.

ఒక్క నవలను మాత్రం ముట్టుకునేది కాదు. ఆ విషయం మీద ఏ వ్యాసం చూసినా మొదట కనిపించే నవల అదే. అందులో అడవి దాటి వచ్చిన ఒక తల్లి ఉంటుంది. సరిహద్దు ఎక్కడ దాటారని అడిగితే ఆమె నవ్వి, ‘అడవికి గీత ఏందయ్యా, అడవంతా ఒకటే’ అంటుంది. ఆ వాక్యం ఎంత పేరు పొందిందంటే సభల బ్యానర్ల మీద రాసేవారు, క్యాలెండర్ల మీద వేసేవారు. ఎం.ఏ. పరీక్షలో నేనే నా వ్యాసాన్ని ఆ వాక్యంతో ముగించి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ సంగతి అక్కకు గొప్పగా చెప్పాను కూడా. ఆమె విని లేచి, నీళ్ల బాటిల్ నింపుకోవడానికి బయటికి పోయింది. ఆ నవల మీద అధ్యాయం ఎప్పుడు రాస్తావని గైడు అడిగినప్పుడల్లా చివర్లో రాస్తానని దాటవేసేది.

మూడో ఏడాది వాళ్లమ్మ వచ్చింది. కంటిలో పొర. తార్నాక దగ్గర ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించి, వార్డెన్‌ను బతిమాలి మూడు రోజులు మా గదిలోనే ఉంచుకుంది. సన్నటి మనిషి. మంచం మీద కూర్చోమంటే కూర్చునేది కాదు, కిటికీ కింద నేల మీద గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక కంటికి పచ్చ గుడ్డ. ఇంకో కన్నుతో నన్నే చూసేది. నేను పెట్టిన అన్నం తిని, నా చెయ్యి తీసుకుని అరచేతిని బొటనవేలితో రాసింది. అక్కా, అమ్మను నొప్పి ఉన్నదా అడుగు అన్నాను. అక్క అడిగింది.

ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. ఒకటి రెండు మాటలు కాదు. చాలాసేపు మాట్లాడింది. వీపు మీద ఏదో మోస్తున్నట్టు వంగింది. దాన్ని మెల్లగా కిందికి దింపినట్టు చూపించింది. నీళ్లు ఒంపినట్టు చెయ్యి వంచింది. తర్వాత తల తిప్పి తన భుజం మీదుగా వెనక్కి చూసింది. మాట్లాడినంతసేపూ నా వైపే చూసింది, కూతురి వైపు కాదు. ఆమె ఆపాక నేను అక్క వైపు చూశాను.

“నొప్పి లేదంటున్నది” అన్నది అక్క.

“గంతేనా?”

“అంతే.”

వాళ్లమ్మకు తెలుగు రాదు. కానీ అంత మాటకు ఇంత చిన్న మాట బయటికి వచ్చిందని ఆమెకు తెలిసింది. కూతుర్ని చూసి, నన్ను చూసి, తల గోడకు ఆనించి కన్ను మూసుకుంది.

ఆ సాయంత్రం అమ్మ కంటి చుక్కల మందు కోసం ఇద్దరం తార్నాకకు బయల్దేరాం. ఎప్పటిలా ఆమె ముందు, నేను వెనక. గేటు దాటాక తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది. వెనక్కి తిరగలేదు. కానీ ఆ రోజు ప్రతి మాటా వినపడేలా చెప్పింది.

వాళ్లది ఛత్తీస్‌గఢ్ వైపు ఊరు. ఆమెకు ఆరేళ్లప్పుడు ఆ ఊరు తగలబడింది. తుపాకులు పట్టుకున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు, ఎవరు అంటించారో ఆమెకు తెలియదు. మిగిలినవాళ్లు అడవిలో పడి రోజుల తరబడి నడిచి ఇటు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఇటువైపు కూడా కోయవాళ్లే. అదే భాష, అవే వేల్పులు, పాత చుట్టరికాలు కూడా ఉన్నాయి. కానీ అటు ఉంటే ఆదివాసులైనవాళ్లు ఏరు దాటి ఇటు వచ్చేసరికి కాగితం మీద ఏమీ కాకుండా పోయారు. అడవి మాది అని ఒక శాఖ గుడిసెలు పీకేసేది. మీరు ఇక్కడివాళ్లు కాదని ఇంకొక శాఖ ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వనన్నది. అప్పుడు బడి సారు జాలిపడి, ఈమె ఇటువైపే పుట్టినట్టు, ఇక్కడి పాత కుటుంబంలోని పిల్లే అయినట్టు రాసి బళ్లో చేర్చుకున్నాడు. చేర్చుకుంటూ ఒక్కటే మాట చెప్పాడట. అటు నుంచి వచ్చినమని ఎవరికి చెప్పినా నీ బడి పోతది, మీ గుడిసెలు పోతయి అని.

ఆమెకు పదకొండేళ్లప్పుడు సెలవుల్లో ఒక రచయిత వాళ్ల గుడిసెల దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి అన్నది అక్క. పిల్లలకు బిస్కెట్లు తెచ్చాడు. నేల మీద కూర్చుని వాళ్లు పెట్టిన అంబలి తాగాడు. గుడిసెలన్నిటిలో తెలుగు వచ్చింది ఈమె ఒక్కతికే. మూడు రోజులు ఆయన అడిగింది అమ్మకు చెప్పి, అమ్మ చెప్పింది ఆయనకు చెప్పింది. రెండో రోజు ఆయన, సరిహద్దు ఎక్కడ దాటారో, అప్పుడేమనిపించిందో అడగమన్నాడు.

“అమ్మ చాలాసేపు చెప్పింది. నాన్న వాళ్లమ్మ నడవలేదు. నాన్న రెండు రోజులు వీపు మీద మోశాడు. మూడో రోజు ఒక వాగు దగ్గర ఇప్పచెట్టు కింద దింపాడు. సొరబుర్రలో నీళ్లు పెట్టాడు. రేపు వచ్చి తీసుకుపోతామని చెప్పారు. రావద్దని ఆమె అన్నది. అమ్మ వెనక్కి చూస్తూ నడిచింది. సరిహద్దంటే నాకు ఆ చెట్టే అని చెప్పింది అమ్మ. చెట్టుకు అవతల మా అత్త ఉన్నది, ఇవతల మేం ఉన్నాం, మేం ఆమెను వదిలిపెట్టిన చోటు అదే అన్నది.”

“నువ్వేం జెప్పినవ్?”

“అమ్మకు తెలియదంట, అడవంతా ఒకటేనంట అని చెప్పాను.”

నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు, నడుస్తూనే ఉంది.

“ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకొకసారి చెప్పు తల్లీ, రాసుకుంటాను అన్నాడు. రెండోసారి ఇంకా బాగా చెప్పాను. నేనింత చెబితే నువ్వు అంతే చెప్పావేం అని అమ్మ అడిగింది. తెలుగులో మాటలు పొట్టిగా ఉంటాయన్నాను. అమ్మ నమ్మింది.”

మందుల షాపు దగ్గర చుక్కల మందు కొన్నాం. వాడేది ఎట్లాగో షాపతను చెబుతుంటే ఆమె శ్రద్ధగా విన్నది. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆమె ముందు, నేను వెనక. పొద్దున అమ్మ నాకు చెప్పింది కూడా ఆ ఇప్పచెట్టు సంగతేనా అని నేనడగలేదు. అడగాల్సిన పని లేదు.

ఆ మరుసటి ఏడు మా డిపార్ట్‌మెంట్‌లో రెండు రోజుల సదస్సు పెట్టారు. ముఖ్య అతిథి ఆ రచయితే. వేదిక వెనక బ్యానర్ మీద ఎర్రటి అక్షరాలతో ఆ వాక్యం. ఆయన ముందే ఆయన నవల మీద పత్రం చదవమని గైడు అక్కను అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ఏం చదవబోతున్నదో నాకు చూపించింది. చదివి నాకు భయమేసింది. అటువైపు పుట్టానని అందులో స్పష్టంగా రాసింది. ఆ ఒక్క మాటతో సర్టిఫికెట్ పోతుంది, దాంతో ఫెలోషిప్ పోతుంది, సీటు కూడా పోవచ్చు. వద్దక్కా అని బతిమాలాను. థీసిస్ ఇచ్చినంక చెప్పు, డాక్టరేట్ వచ్చినంక చెప్పు, నౌకరి దొరికినంక చెప్పు అన్నాను. మా బడి సారు కూడా ఇలాగే పదో తరగతి అయ్యాక చెప్పు అన్నాడు, తర్వాత ఇంటర్ అయ్యాక అన్నాడు, అన్నది ఆమె. గైడు కూడా కాగితాలు చూసి, తల పట్టుకుని, థీసిస్‌ల సొంత కథ ఎందుకమ్మా, మనిషి పేరు లేకుంట రాయి అన్నాడట. ఇన్ని నవలల్లో పేరు లేని ఆ మనిషినే కదా సార్ నేను వెతుకుతున్నది అన్నదట ఆమె.

హాలు నిండిపోయింది. ఆమె చేతిలో కాగితాలున్నాయి గానీ వాటిని చూడలేదు. తెలుగు మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఒళ్లో ఉండే చేతులు ఆ రోజు కదిలాయి. నవలలోని వాక్యం చెప్పింది. తర్వాత వాళ్లమ్మ చెప్పింది మొదట కోయలో, ఆ తర్వాత తెలుగులో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. వీపు మీద మోయడం, దింపడం, నీళ్లు పెట్టడం.

“అడవంతా ఒకటే అన్న మాట మా అమ్మది కాదు. అది నాది. అప్పుడు నాకు పదకొండేళ్లు, భయమేసి అన్నాను. మా నానమ్మ ఈ నవలలో లేదు. లేకుండా చేసింది నేను.”

రచయిత మెల్లగా లేచి మైకు దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ పాప నువ్వేనా అమ్మా అన్నాడు. నిజంగా బాధపడ్డాడు, అందులో నటన లేదు. నాకు తెలిసి ఉంటే అలా రాసేవాణ్ని కాదన్నాడు. వచ్చే ముద్రణలో ఏం చెయ్యగలనో చూస్తానన్నాడు. కాసేపాగి, కానీ ఆ వాక్యం ఇప్పుడు నా చేతిలో కూడా లేదమ్మా, పాఠకులదైపోయింది అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరి కోసం కొట్టారో నాకిప్పటికీ తెలియదు. అక్క కిందికి దిగి, గోడ పక్కన నిలబడి, ఆ చప్పట్లు ఆగేదాకా నేల చూస్తూ ఉంది. ఆ తర్వాత టీ ఇచ్చారు. బ్యానర్ ముందు నిలబడి జనం ఫోటోలు దిగారు.

ఎవరో ఆ ప్రసంగాన్ని ఫోన్లో తీసి నెట్లో పెట్టారు. వేలమంది చూశారు, మెచ్చుకున్నారు. ఎవరో ఫిర్యాదు కూడా పంపారు. ఎవరో మాకు తెలియలేదు. నెల తిరక్కుండా ఆమె పుట్టిన చోటు గురించి విచారణకు ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. వార్డెన్ గదిలో కూర్చుని మొదట ఆమెను పిలిచారు, తర్వాత నన్ను.

నాలుగేళ్లు ఒకే రూంల ఉన్నరు గదా, యాడ పుట్టిందో నీకు చెప్పిందా అని అడిగారు. ఆమె లోపల ఏం చెప్పిందో నాకు తెలియదు. ఒకటే ఆలోచన, ఆమెను ఎట్లైనా కాపాడాలి.

“గీడనే పుట్టినట్టు చెప్పింది సార్. సదస్సుల చెప్పింది కథ. రచయితలు రాస్తరు గదా, గట్ల” అన్నాను.

రాసుకుంటున్న ఆఫీసరు పెన్ను ఆపాడు. ఆ అమ్మాయే అంతా చెప్పి సంతకం పెట్టి పోయింది, మీరెందుకు అబద్ధం చెప్తున్నరమ్మా అన్నాడు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. అయినా నేను చెప్పింది కూడా రాసుకున్నాడు. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను.

గదికి పోయేసరికి అక్క కిటికీ కింద, వాళ్లమ్మ కూర్చున్న చోటే కూర్చుని ఉంది. నేను ఏం చెప్పానో చెప్పాను. చెప్పేటప్పుడు, నన్ను మెచ్చుకోకపోయినా నా మనసు అర్థం చేసుకుంటుందనే ఆశపడ్డాను.

“నాకోసమే చెప్పావు. తెలుసు” అన్నది. తర్వాత చాలాసేపటికి, “మా అమ్మ కోసమే నేనూ చెప్పాను” అన్నది.

అంతకన్నా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సర్టిఫికెట్ రద్దయింది. ఫెలోషిప్ ఆగిపోయింది. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. గైడు ఎన్ని ఆఫీసులు తిరిగాడో నాకు తెలుసు. జనరల్‌లో మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోవచ్చన్నారు. ఆమె చేసుకోలేదు. వెళ్లిపోయే రోజు నేను క్లాసులో ఉన్నాను. చెప్పకుండా పోయింది. ఆమె అలమర ముందు ఎట్లా ఉందో తర్వాతా అట్లాగే ఉంది కాబట్టి, మనిషి పోయినట్టు గదిలో ఏ గుర్తూ లేదు.

కొత్త ముద్రణ రెండేళ్లకు వచ్చింది. నేను కొన్నాను. ముందుమాట చివర, ఒక ఆదివాసీ విద్యార్థిని వెలిబుచ్చిన భిన్నాభిప్రాయాన్ని గౌరవిస్తున్నానని ఒక వాక్యం ఉంది. లోపల ఒక్క అక్షరం మారలేదు. వెనక అట్ట మీద అదే మాట.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను. అమ్మ రెండో కంటి ఆపరేషన్ కోసం అక్క వచ్చింది. అప్పటికి నాకు గెస్ట్ లెక్చరర్ పని దొరికి వారాసిగూడలో ఉంటున్నాను. తార్నాక మెట్రో స్టేషన్ కింద కలుద్దామంటే వచ్చింది. ఎండకు నల్లబడింది, సన్నబడింది. టీ తాగుతూ తన గుడిసెల సంగతి చెప్పింది. పిల్లలను పోగేసి టార్పాలిన్ పట్టా కప్పిన పందిరి కింద కూర్చోబెట్టి తెలుగు నేర్పుతున్నదట. ఆ పందిరిని రెండుసార్లు పీకేశారట. చదువు కన్నా ముందు వాళ్లకు ఒకటి నేర్పుతుందట. నర్సు వచ్చినా, ఆఫీసరు వచ్చినా, పేపరువాళ్లు వచ్చినా, పెద్దవాళ్లు ఎంత మాట చెబితే అంత మాటా చెప్పాలి. తెలుగు మాట తెలియకపోతే తెలియదని చెప్పాలి. పొట్టి చెయ్యకూడదు. అది చెబుతూ ఆమె ఒక పిల్లను తలుచుకుని నవ్వింది. వాళ్ల తాత కడుపునొప్పి గురించి చెప్పినదంతా, తిట్లతో సహా, నర్సుకు తర్జుమా చేసిందట ఆ పిల్ల.

నువ్వు చెప్పిందానికి ఇప్పుడు బాధపడుతున్నావా అని అడిగాను. ఎప్పుడు చెప్పిందానికి అన్నది. పదకొండేళ్లప్పటిదానికా, సదస్సులోదానికా అని తానే అడిగింది.

అమ్మను తీసుకుని అటు పోయి వచ్చానని అప్పుడు చెప్పింది. ఆ వాగు దొరికింది. ఇప్పుడు దాని మీద వంతెన, వంతెన దగ్గర పోలీసు క్యాంపు ఉన్నాయట. తుపాకీ పట్టుకున్న కుర్రాడు ఆధార్ చూపించమని, ఏ రాష్ట్రం అని అడిగాడట. చెట్టు లేదు. చెట్టున్న చోటు అమ్మకు తెలుసు. రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని చాలాసేపు మాట్లాడిందట.

“అమ్మ ఏమన్నదక్కా?”

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. నా వైపు సూటిగా చూసింది.

“అది నీకు చెప్పాల్సిన మాట కాదు” అన్నది. కటువుగా అనలేదు. చెల్లెలికి చెప్పినట్టే చెప్పింది.

ఆమె పోయిన వార్త చూసిన రోజు, పరీక్ష అయిపోయింది. పిల్లల పేపర్లు దొంతి పెట్టి ఆఫీసులో అప్పజెప్పి, వరండా చివరికి పోయి ఆమె నంబరుకు ఫోన్ చేశాను. ఎవరు ఎత్తుతారో, ఏమడగాలో అనుకోలేదు. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. ఆడగొంతు. అమ్మా, నేను హాస్టల్‌లో ఉండేదాన్ని, మీరు వచ్చినప్పుడు నా గదిలో అని మొదలుపెట్టాను. ఆమె నా పేరు పలికింది. తన నోటికి వచ్చినట్టు పలికింది గానీ అది నా పేరే.

తర్వాత ఆమె మాట్లాడింది. ఏడవలేదు. నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి, నాకు చెప్పాలనుకున్నదంతా చెప్పింది. ఎక్కడో కోడి కూసింది, పిల్లలెవరో అరిచారు, ఆమె ఆగలేదు. మధ్యలో ఒకచోట కూతురి పేరు వినపడింది, పుట్టినప్పుడు ఆమె పెట్టినది. మిగతాది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో చెప్పేవాళ్లు లేరు. లోపల్నుంచి ప్యూన్ రెండుసార్లు పిలిచాడు. నేను చెయ్యి చూపించి ఆపాను. గోడకు ఆనుకుని, ఆమె పూర్తిగా ఆపేదాకా విన్నాను.

ఆపి ఆమె ఎదురుచూసింది. ఫోన్లో ఊపిరి వినపడుతోంది. అప్పుడు నేను తెలుగులో చెప్పాను, వార్డెన్ గదిలో నేను చెప్పిన అబద్ధం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ తగ్గించకుండా. ఆమె కూడా మధ్యలో ఆపలేదు.